ఉపగ్రహ వారధి – అవసరాన్ని బట్టి వాటా

ఉద్దేశం

పరిమితమైన వనరును పలువురు పంచుకోవలసి వచ్చినప్పుడు సమాన భాగాలే ఎల్లప్పుడూ న్యాయమైన భాగాలు కావు. అవసరాన్ని గమనించి, పరిస్థితి మారినకొద్దీ వాటాను మార్చే విధానం చెరువు నీటికి ఎంత అవసరమో ఆకాశమార్గాన ప్రయాణించే సమాచారానికీ అంతే అవసరం. ఉపగ్రహ సమాచార వ్యవస్థలో ఆ పంపకం జరిగే తీరును, దాని వెనుక ఉన్న విచక్షణను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఓరుగల్లు సీమలో నీటికి లభించిన గౌరవానికి చెరువులే సాక్ష్యం. నేటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువు ఉన్నది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం ఉన్నది. హలం పట్టి సేద్యం చేశాడని లోకం చెప్పుకొనే పోతన పేరుతో ముడిపడిన బమ్మెర జనగామ జిల్లాలోనిది. వాన కురిసిన ఏడు నిండి, కురవని ఏడు అడుగంటే జలాశయాలను నమ్ముకున్న ఈ ప్రాంతపు రైతుకు ఒక ప్రశ్న తరతరాలుగా ఎదురవుతూ వచ్చింది. ఉన్న నీరు తక్కువై, అడిగే పొలాలు ఎక్కువైనప్పుడు ఎవరికి ఎంత?

ఆ ప్రశ్నకు గ్రామాలు తమదైన సమాధానాన్ని కనుగొన్నాయి. యాసంగి పంటకు ముందు చెరువులో నీరెంత ఉన్నదో చూసి, ఆయకట్టులో ఎంత భాగం సాగు చేయవచ్చునో నిర్ణయించేవారు. దీనికి తైబంది అని పేరు. ఆపై నీటిని పారించే బాధ్యత నీరటిది. అతడు తూము తెరిచి ఊరకే కూర్చోడు. కాలువ వెంట నడుస్తూ ఏ మడి ఎండుతున్నదో, ఏ మడి నిండినదో చూసి నీటిని మళ్లిస్తాడు. నిండిన మడికి ఇంకా నీరు పెట్టడం వృథా. ఎండుతున్న మడికి ఆలస్యం చేయడం అన్యాయం.

భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుండి వచ్చే సమాచారాన్ని పంచవలసి వచ్చినప్పుడు ఇంజనీర్లకు ఎదురైన ప్రశ్న కూడా ఇదే. వారు చేరుకొన్న సమాధానం నీరటి పద్ధతికి చాలా దగ్గరగా ఉండడం గమనించదగిన విషయం. ఆ విధానాన్నే అవసరానుగుణ బ్యాండ్‌విడ్త్ కేటాయింపు అంటారు.

నింగిలో నిలిచిన వారధి

భూమధ్యరేఖకు పైన అంత ఎత్తులో సంచరించే ఉపగ్రహం, భూమి తన చుట్టూ తాను తిరిగే కాలంలోనే ఒక ప్రదక్షిణం పూర్తి చేస్తుంది. అందుచేత నేలపై నుండి చూసేవారికి అది ఒకే చోట నిలిచినట్లు తోస్తుంది. ఆ మార్గానికి భూస్థిర కక్ష్య అని పేరు. ఇటువంటి మూడు కేంద్రాలతో ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చునని 1945లో ఆంగ్ల రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ప్రతిపాదించాడు. నేలపై ఒకసారి దిశ చూసి బిగించిన డిష్‌ను మళ్లీ కదల్చనవసరం లేకపోవడం ఈ కక్ష్య వల్ల కలిగే గొప్ప సౌకర్యం.

భూకేంద్రం పంపిన సంకేతాన్ని అందుకొని, దాని పౌనఃపున్యాన్ని మార్చి, బలం పెంచి తిరిగి నేలకు పంపే పరికరాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. అది మోయగలిగిన పౌనఃపున్యాల విస్తృతియే బ్యాండ్‌విడ్త్. కాలువ వెడల్పు ఎంత ఉంటే అంత నీరు పారినట్లే, బ్యాండ్‌విడ్త్ ఎంత ఉంటే అంత సమాచారం ప్రవహిస్తుంది. ఈ విస్తృతి అపారమైనది కాదు. ఒక దేశపు ప్రసారం మరొక దేశపు ప్రసారానికి అడ్డు రాకుండా పౌనఃపున్యాలను అంతర్జాతీయ ఒప్పందాల మేరకే వాడుకోవాలి. ఉపగ్రహానికి విద్యుత్తును సమకూర్చేది దాని సౌరఫలకాలే. కక్ష్యలోకి చేరిన ఉపగ్రహానికి, వాడేవారు పెరిగారని మరొక ట్రాన్స్‌పాండర్‌ను బిగించడం సాధ్యం కాదు. ఉన్నదానిని నేర్పుగా పంచుకోవడమే మార్గం.

ఒకరు చెప్పడం, అందరూ మాట్లాడడం

ఉపగ్రహ ప్రసారాలు గ్రామాలకు చేరిన తొలి రోజులలో ఈ పంపకం సమస్య అంతగా కనిపించలేదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికాకు చెందిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు విద్య, వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. అనంతర కాలంలో తెలుగు విద్యార్థులకు ‘మన టీవీ’ పాఠాలు ఉపగ్రహం ద్వారానే అందాయి. తెలంగాణలో 2017 నుండి అది ‘టి-శాట్’ పేరుతో, ‘నిపుణ’, ‘విద్య’ అనే ఛానెళ్లతో కొనసాగింది.

ఇవన్నీ ఒకరు చెప్పగా పలువురు వినే ప్రసారాలు. ఒక పాఠాన్ని పది కళాశాలలు చూసినా, వెయ్యి కళాశాలలు చూసినా ఉపగ్రహంపై పడే భారం ఒక్కటే. గుడి మీది మైకులో వచ్చే మాట ఎందరు వింటే మాత్రం తరుగుతుందా?

కాని విన్నవారందరూ తిరిగి మాట్లాడదలచినప్పుడు కథ మారుతుంది. విద్యార్థి సందేహం అడగాలి. వైద్యుడు రోగి ఎక్స్‌రే చిత్రాన్ని పట్టణంలోని నిపుణునికి పంపాలి. పంచాయతీ కార్యాలయం పత్రాలను జిల్లా కేంద్రానికి చేర్చాలి. వీరిలో ప్రతి ఒక్కరికీ వేరువేరు మార్గం కావాలి. గ్రామపంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్‌ను చేర్చే భారత్‌నెట్ పథకంలో, ఫైబర్ వేయడం కష్టమైన మారుమూల పంచాయతీలకు ఉపగ్రహ మార్గాన్ని ఎంచుకొన్నారు. ఇటువంటి రెండు వైపుల సంభాషణలోనే పంపకం అసలు సమస్యగా ముందుకు వచ్చింది.

రెండు పాత పద్ధతులు

మొదటి పద్ధతి స్థిరమైన వాటా. ఉన్న బ్యాండ్‌విడ్త్‌ను కేంద్రాల సంఖ్యతో భాగించి, ఎవరి భాగం వారికి శాశ్వతంగా ఇస్తారు. ఇది సులభమైనది, తగవులకు తావు లేనిది. అయితే మనుషుల అవసరాలు గడియారం ముల్లులా ఒకే తీరున నడవవు. ఉదయం కళాశాలకు ఎక్కువ కావాలి. రాత్రి దానికి ఏమీ అక్కరలేదు. తాళం వేసిన కార్యాలయం పేరున ఉన్న వాటా ఎవరికీ ఉపయోగపడకుండా పోతుంది.

రెండవది కేటాయింపే లేని పద్ధతి. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం ద్వీపాల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలుపుతూ ‘అలోహా’ అనే పద్ధతిని అమలులోకి తెచ్చింది. ఇందులో పంపదలచినవారు పంపదలచినప్పుడు పంపుతారు. ఇద్దరి సంకేతాలు ఢీకొంటే రెండూ చెడిపోతాయి. కొంత ఆగి మళ్లీ పంపాలి. వాడేవారు కొద్దిమంది అయితే ఇది చక్కగా పనిచేస్తుంది. రద్దీ పెరిగితే ఘర్షణలు పెరుగుతాయి. గణితం ప్రకారం ఈ పద్ధతిలో మార్గం సామర్థ్యంలో అత్యధికంగా 18 శాతమే అక్కరకు వస్తుంది. అందరూ నిర్ణీత క్షణాలలోనే పంపడం మొదలుపెట్టాలనే నియమం చేర్చితే అది 37 శాతానికి చేరుతుంది. అప్పటికీ సగానికి పైగా వృథాయే.

అడిగినప్పుడు ఇచ్చి, పని ముగిసిన వెంటనే తిరిగి తీసుకోవడం ఈ రెండింటికీ నడుమ ఉన్న మార్గం. 1970ల దశకంలోనే ఇంటెల్‌శాట్ సంస్థ ‘స్పేడ్’ అనే పేరుతో దేశాల మధ్య టెలిఫోను సంభాషణలకు ఈ మార్గాన్ని అనుసరించింది. మాట్లాడుతున్నంత సేపే మార్గం వారిది. ఫోను పెట్టేయగానే అది మరొకరిది.

అడగడం, ఇవ్వడం, తిరిగి తీసుకోవడం

నేటి వ్యవస్థలలో కాలాన్ని, పౌనఃపున్యాన్ని చిన్న చిన్న గడులుగా విభజిస్తారు. పొలాన్ని మడులుగా కట్టడం వంటిదే ఇది. గ్రామంలోని టెర్మినల్ తన వద్ద పంపవలసిన సమాచారం ఎంత పోగుపడిందో లెక్కించి, తనకు ఇన్ని గడులు కావాలని నియంత్రణ కేంద్రానికి తెలుపుతుంది. కేంద్రం అందరి విన్నపాలను చూసి, ఎవరు ఏ గడిలో పంపాలో పట్టికను సిద్ధం చేసి ప్రకటిస్తుంది. కొద్ది క్షణాలలో ఆ పట్టిక మారిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. సంకేతం కాంతివేగంతో ప్రయాణించినా, నేల నుండి భూస్థిర ఉపగ్రహానికి వెళ్లి తిరిగి నేలను చేరడానికి సుమారు పావు సెకను పడుతుంది. విన్నపం చేరడానికి పావు సెకను, జవాబు రావడానికి మరొక పావు సెకను. అంటే అడిగినది అందేసరికి కనీసం అర సెకను గడుస్తుంది. ఉత్తరం వంటి సందేశానికి ఈ ఆలస్యం లెక్కలోనిది కాదు. ఎదుటివారితో మాట్లాడుతున్న వ్యక్తి ప్రతి పలుకుకూ ముందు అనుమతి కోసం ఆగవలసి వస్తే మాత్రం సంభాషణే సాగదు.

అందుకే 2000 సంవత్సరం ప్రాంతంలో ఐరోపాలో రూపొందిన డి.వి.బి.-ఆర్.సి.ఎస్. అనే ప్రమాణం వాటాలను పలు విధాలుగా వర్గీకరించింది. మాటల వంటి వాటికి అడగకుండానే అందే స్థిరమైన వాటా ఉంటుంది. వీడియో వంటి వాటికి కావలసిన వేగాన్ని తెలిపి అడిగే వాటా ఉంటుంది. ఫైళ్ల వంటి వాటికి పంపవలసిన మొత్తాన్ని తెలిపి అడిగే వాటా ఉంటుంది. వీరందరికీ ఇచ్చాక మిగిలినది ఉంటే, అడగకపోయినా పంచిపెట్టే మిగులు వాటా ఉంటుంది. స్థిరత్వాన్ని పూర్తిగా వదలక, అవసరాన్నీ విస్మరించక రెండింటినీ సమన్వయం చేయడం ఈ వర్గీకరణలోని వివేకం.

భూమికి దగ్గరగా తిరిగే చిన్న ఉపగ్రహాల సమూహాలలో ఆలస్యం చాలా తక్కువ. అయినా వాటిలోనూ పంపకం తప్పదు.

వాన తెచ్చే కష్టం

ఉపగ్రహ మార్గానికి వాన పెద్ద పరీక్ష. కె.యు. బ్యాండ్‌లో 12 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం రెండున్నర సెంటీమీటర్లు. కె.ఏ. బ్యాండ్‌లో 30 గిగాహెర్ట్జ్ వద్ద అది ఒక్క సెంటీమీటరు. తరంగం పొట్టిదయ్యేకొద్దీ అది వానచినుకు పరిమాణానికి దగ్గరవుతుంది. అప్పుడు చినుకులు తరంగశక్తిని కొంత పీల్చుకొంటాయి, కొంత చెదరగొడతాయి. కుండపోత వానలో సంకేతం బలహీనపడడానికి కారణం ఇదే.

హోరుగాలిలో మాట్లాడే మనిషి వేగం తగ్గించి, ఒక్కొక్క మాటను విడివిడిగా, అవసరమైతే రెండుసార్లు పలుకుతాడు. ఉపగ్రహ వ్యవస్థ కూడా అంతే చేస్తుంది. 2005లో ప్రమాణంగా వెలువడిన డి.వి.బి.-ఎస్.2 విధానంలో ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు ఒక్కొక్క సంకేతంలో సుమారు నాలుగున్నర బిట్ల వరకు సమాచారాన్ని కూర్చవచ్చు. వాన ముదిరినకొద్దీ దానిని తగ్గిస్తూ, దోషాలను సరిదిద్దే అదనపు బిట్లను పెంచుతూ, చివరకు అర బిట్టు వరకు దిగవచ్చు. వేగం సుమారు తొమ్మిదో వంతుకు పడిపోయినా సంబంధం తెగిపోదు.

దీనివల్ల పంపకం మరింత క్లిష్టమవుతుంది. ఒక ఊహాత్మకమైన లెక్కతో దీనిని అర్థం చేసుకోవచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలలోని మూడు కేంద్రాలు 12 గడులను పంచుకొంటున్నాయనుకొందాం. నిర్మలాకాశంలో ఒక్కొక్క గడి సెకనుకు ఒక మెగాబిట్ సమాచారాన్ని మోస్తుంది. జనగామలోని కళాశాలలో జరుగుతున్న దృశ్యపాఠానికి 6 మెగాబిట్లు, మహబూబాబాద్‌లోని ఆసుపత్రికి 2, భూపాలపల్లిలోని కార్యాలయానికి 1 కావాలి. తలా 4 గడులు ఇస్తే జనగామకు 2 తక్కువవుతాయి. మిగిలిన రెండు చోట్ల 5 గడులు ఖాళీగా ఉంటాయి. అవసరాన్ని బట్టి ఇస్తే అందరి పనీ నెరవేరి, ఇంకా 3 గడులు మిగులుతాయి.

ఇంతలో భూపాలపల్లిలో కుండపోత వాన. సహాయక బృందాల మాటలకు, చిత్రాలకు 4 మెగాబిట్లు కావాలి. వాన వల్ల అక్కడ ఒక్కొక్క గడి అర మెగాబిట్‌నే మోస్తుంది కాబట్టి, దానికి 8 గడులు పడతాయి. మిగిలిన 4 గడులలో ఆసుపత్రికి 2 ఇస్తే కళాశాలకు రెండే దక్కుతాయి. దృశ్యపాఠం కొంతసేపు మాటలతో, నిశ్చల చిత్రాలతో సరిపెట్టుకోవాలి. అందరికీ సమానంగా గడులు ఇస్తే వానలో ఉన్నవారికి అందే సమాచారం సగమే. అందరికీ సమానంగా సమాచారం అందించాలంటే వానలో ఉన్నవారికి ఎక్కువ గడులు ఇవ్వాలి. ఏది సమానత్వం?

ఎవరికి ముందు?

ఈ ప్రశ్న కేవలం లెక్కల పుస్తకానికి చెందినది కాదు. 2023 జూలై 27 ఉదయం వరకు గడిచిన 24 గంటలలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 600 మిల్లీమీటర్లకు మించి వాన కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. ఇళ్ల పైకప్పులెక్కిన వరదబాధితులను రక్షించడానికి పడవలు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె నడుమ వరద తాకిడికి రైలుపట్టాల కింది కంకర కొట్టుకుపోయి రాకపోకలు నిలిచిపోయాయి.

ఇటువంటి విపత్తులలో కరెంటు స్తంభాలు ఒరుగుతాయి, కేబుళ్లు తెగుతాయి, విద్యుత్తు లేక సెల్‌ఫోను టవర్లు మూగబోతాయి. అప్పుడు నేలమీది వరద తాకని మార్గంగా ఆకాశమార్గం అక్కరకు వస్తుంది. అయితే టవర్లను మూగబుచ్చిన ఆ వానే ఉపగ్రహ సంకేతాన్నీ బలహీనపరుస్తుంది. అవసరం అత్యధికమైన చోటనే మార్గం అతి సన్ననిదవుతుంది. స్థిరమైన వాటా ఉన్న వ్యవస్థ ఇక్కడ ఓడిపోతుంది. ఆపదలో ఉన్న ఊరికి ఎక్కువ గడులు మళ్లించగల వ్యవస్థ నిలబడుతుంది.

మళ్లించే శక్తి కూడా క్రమంగా పెరుగుతున్నది. 2018 డిసెంబరు 5న ప్రయోగించిన జీశాట్-11 దేశమంతటినీ ఒకే పుంజంతో కప్పక, 32 చిన్న పుంజాలుగా విభజించింది. ఒకదానికొకటి దూరంగా ఉన్న పుంజాలలో అదే పౌనఃపున్యాన్ని మళ్లీ వాడుకోవచ్చు. దాని మొత్తం సామర్థ్యం సెకనుకు 16 గిగాబిట్లు. 2024 నవంబరులో ప్రయోగించిన జీశాట్-ఎన్2 సామర్థ్యం 48 గిగాబిట్లు. దానికీ 32 పుంజాలు ఉన్నాయి. 2021 జూలై 30న కక్ష్యకు చేరిన యూటెల్‌శాట్ క్వాంటమ్ అనే ఐరోపా ఉపగ్రహంలో పుంజాల ఆకృతిని, దిశను, శక్తిని కక్ష్యలో ఉండగానే మార్చే వీలున్నది.

అయితే యంత్రం ఎంత నేర్పరి అయినా, ఎవరి పిలుపు ముందు వినాలో తానుగా ఎరుగదు. ఆపదలో పిలిచే గొంతుకు మొదటి స్థానం, వైద్యానికి రెండవది, పాఠానికి మూడవది, వినోదానికి చివరిది అనే క్రమాన్ని మనుషులే ముందుగా నిర్ణయించి యంత్రానికి నేర్పాలి. డబ్బు ఎక్కువ చెల్లించినవారికే ముందు అని నేర్పితే అది అలాగే చేస్తుంది. ఎంత రద్దీ ఉన్నా ప్రతి గ్రామానికీ కొంత కనీసపు వాటా మిగలాలనే నియమం పెట్టకపోతే, గట్టిగా అడిగేవారి ధాటికి మెల్లగా అడిగేవారు పూర్తిగా ఎండిపోతారు. వానలో తడుస్తున్న ఒక్క కేంద్రం మిగిలినవారి వాటానంతటినీ మింగకుండా దానికీ ఒక హద్దు ఉండాలి. ఈ మూడు నియమాలూ గణితంలోంచి పుట్టవు. ధర్మాధర్మ విచక్షణలోంచి పుడతాయి.

నీరటి పనిలోని గొప్పదనం తూము తెరవడంలో లేదు. ఎగువ మడి నిండాక దానికి నీరు ఆపి, దిగువన చివరి మడి దాకా నీటిని నడిపించడంలో ఉన్నది. ఉపగ్రహ వ్యవస్థను కొలవవలసినది కూడా ఆ కొలబద్దతోనే. సెకనుకు ఎన్ని గిగాబిట్లు అనే సంఖ్య దాని బలాన్ని తెలుపుతుంది. వాన హోరులో చిట్టచివరి ఊరి నుండి వచ్చిన పిలుపు అవతలివారికి వినిపించిందా లేదా అన్నదే దాని విలువను తెలుపుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఆయకట్టు – ఒక చెరువు లేదా కాలువ కింద సాగయ్యే భూమి
తూము – చెరువు నీటిని కాలువలోకి వదిలే మార్గం
నీరటి – చెరువు నీటిని పొలాలకు పంచేవాడు
పౌనఃపున్యం – ఒక సెకనులో కలిగే తరంగాల సంఖ్య
పుంజం – ఒక దిశగా సాగే తరంగాల లేదా కిరణాల సమూహం
విచక్షణ – మంచిచెడులను వేరుచేసి తెలుసుకొనే శక్తి

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. అవసరానుగుణ బ్యాండ్‌విడ్త్ కేటాయింపును నీరటి పద్ధతితో పోల్చి వివరించండి.
2. “సమాన భాగాలే ఎల్లప్పుడూ న్యాయమైన భాగాలు కావు.” పాఠంలోని మూడు కేంద్రాల లెక్క ఆధారంగా చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. ప్రసారానికి, రెండు వైపుల సంభాషణకు గల భేదం ఏమిటి?
2. ‘అలోహా’ పద్ధతిలోని లోపం ఏమిటి?
3. వాన వల్ల ఉపగ్రహ సంకేతం ఎందుకు బలహీనపడుతుంది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తైబంది అంటే ఏమిటి?
2. భూస్థిర ఉపగ్రహం భూమికి ఎంత ఎత్తున ఉంటుంది?
3. జీశాట్-11 ఎన్ని పుంజాలతో పనిచేస్తుంది?

ఈ) సంధులు
జల + ఆశయం = జలాశయం – సవర్ణదీర్ఘ సంధి
అతి + అధికం = అత్యధికం – యణాదేశ సంధి
నీరు + ఎంత = నీరెంత – ఉత్వ సంధి

ఉ) సమాసాలు
వరదబాధితులు – వరద చేత బాధితులు – తృతీయా తత్పురుష సమాసం
కాంతివేగం – కాంతి యొక్క వేగం – షష్ఠీ తత్పురుష సమాసం
ధర్మాధర్మాలు – ధర్మమును, అధర్మమును – ద్వంద్వ సమాసం